పోటు ఎంతసేపుంటాది

మొన్న ఆదివారం అనంతపురం మార్కెట్లో ఒక ఎర్రచేపను చూసి ఆగిపోయినాను. థర్మాకోల్ పెట్టెలో మెడదాకా ఐసు కప్పుకొని, కోస్తా నుంచి లారీలో వచ్చి, ఇదేం ఊర్రా నాయనా అన్నట్టు నోరు తెరుచుకొని పడుకోనుంది. అమ్మే ఆమె "కోసియ్యాల్నా సార్?" అనింది. అక్కర్లేదమ్మా, దీని సంగతంతా నాకు తెలుసు అని చెప్పి, అట్లే సంచిలో వేసుకొని ఇంటికొచ్చినాను. మా ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకొని, "జన్మలో ఎప్పుడన్నా చేపను ముట్టినావా నువ్వు?" అనింది. ముట్టలేదు గానీ రెండు వందల మందికి పాఠం చెప్పినాను అన్నాను. పాఠం చెప్పడం వేరు, ముట్టడం వేరు అని తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. వీపు మీది ముల్లొకటి నా కుడి బొటనవేలిలో దిగి, అక్కడే విరిగి, అక్కడే కాపురం పెట్టింది.

తెల్లారేసరికి వేలు బజ్జీ మిరపకాయంత అయింది. క్లినిక్‌లో డాక్టరమ్మ చిన్న పిల్ల, గుంటూరు వైపు మనిషి. వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, "పోటు ఉందా అంకుల్?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. జ్వరం నెత్తికెక్కిందేమోనని ఆ పిల్ల నా నుదురు కూడా ముట్టుకొని చూసింది. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో చెప్పాలంటే, బయట ఇంకా పద్నాలుగు మంది టోకెన్లు పట్టుకొని కూర్చున్నారు. అందుకని ఇక్కడ చెప్తున్నాను, ఇక్కడైతే టోకెన్లు లేవు.

నాకప్పుడు ఇరవై మూడేండ్లు. డెబ్భైల చివరి రోజులు. మాది ధర్మవరం, ఇంట్లో అందరూ పట్టుచీరలు నేసేవాళ్ళు. గుంటమగ్గం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి: నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చొని నేస్తారు. మా తాత అందులో దిగినాడు, నాయన దిగినాడు, మా అన్న దిగినాడు. నా కాళ్ళు పొడుగైన వెంటనే నాకూ ఒక గుంట చూపించినారు. మనిషిని నడుం దాకా పూడ్చినాక మిగతా సగం బయట ఎందుకు నాయనా అని అడిగితే, నాయన చేతిలో ఉన్న, పేక పోగు నడిపే నాడె తీసి నా మీదికి విసిరినాడు. గవర్నమెంటు ఉద్యోగం కాగితం వచ్చిన రోజు ఆ గుంట చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, దండం పెట్టి బయలుదేరినాను. నాయన పడుగు మీదినుంచి తల ఎత్తకుండా ఒకటే మాటన్నాడు: "గుంతలో కూర్చుంటే చీరన్నా దిగుతాది. కుర్చీలో కూర్చోని ఏం నేస్తావురా నువ్వు?"

నేసింది ఏమీ లేదు. ఉద్యోగం చేపల ఆఫీసులో. ముదిగుబ్బకు అవతల, రోజుకు రెండు బస్సులు వచ్చే ఒక పల్లె చివర, చెరువు కట్ట కింద, బండలు పరిచిన రెండు గదులు. నేను చేరేనాటికి మూడేండ్లుగా ఆ చెరువులో చుక్క లేదు. నడిచెరువులో తుమ్మచెట్లు లేచి, వాటి నీడలో గొర్రెలు పడుకొని నెమరేస్తుండేవి. ఆఫీసు బోర్డు మీద బొమ్మ వేసిన పెయింటరు కూడా చేపను ఎప్పుడూ చూసినట్టు లేదు, దానికి కనురెప్పలు పెట్టినాడు. నా పని చెరువులో చేపపిల్లలను వదలడం, పెరిగినవాటి లెక్క రాయడం. నీళ్ళు లేవు కాబట్టి ప్రతి నెలా ఒక ఫారంలో పదకొండు గళ్ళకు ఎదురుగా పదకొండుసార్లు "లేదు" అని రాసి పంపేవాణ్ణి. అందులో ఒక గడి "చేపలకు వచ్చిన రోగములు". లేని చేపలకు రోగాలు కూడా లేవు. అంత ఆరోగ్యమైన చెరువు జిల్లాలో ఇంకోటి ఉండదు. సాయంత్రం బస్సు వచ్చి, ఎవరినీ దింపకుండా, ఎవరినీ ఎక్కించుకోకుండా, దుమ్ము మాత్రం దింపి పోయేది. చుట్టూ రాళ్ళ గుట్టలు, నడుమ నేను. ధర్మవరం గుంట నడుం దాకానే. ఇది నెత్తి మీదికి వచ్చింది.

ఆఫీసులో ఒక వింత మాత్రం ఉండేది. చేపపిల్లలను ఉంచే సిమెంటు తొట్టికి రోజూ ఎద్దుల బండి మీద రెండు డ్రమ్ముల నీళ్ళు తోలాలని ఎప్పుడో ఎవరో ఆర్డరు వేసినారు. చేపపిల్లలు రావడం ఆగిపోయింది గానీ నీళ్ళు ఆపమని ఎవరూ రాయలేదు. అందుకని రెండు మైళ్ళ అవతలి బాయి నుంచి నీళ్ళు వస్తూనే ఉండేవి. తొట్టిలో పోస్తే ఎండకు ఆరిపోతాయని నేను కుండల్లో నింపి వరండాలో పెట్టేవాణ్ణి. ఊరిలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని గుట్ట ఎక్కి దిగుతున్న కాలంలో చల్లని నీళ్ళున్న చోటు అదొక్కటే.

ఒక రోజు బస్సు మీది నుంచి గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి దిగింది. విప్పితే రెండు వందల పుస్తకాలు. పన్నెండు పేజీలు, పైన పడవ బొమ్మ. "తీర సముద్రమునందును, లోతు సముద్రమునందును ఎర్రచేపను పట్టు విధానము." సముద్రం ఒడ్డున ఉండే ఆఫీసుకు పోవాల్సిన మూట దారి తప్పి మా గుట్టల్లోకి వచ్చింది. నెలకోసారి అనంతపురం నుంచి వచ్చే మా సారుకు చూపించినాను. మా సారు మంచివాడు, భయస్తుడు. సంతకం పెట్టే ముందు పెన్ను మూత రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టేవాడు.

"ఇవి మనవి కావు సార్. వాపసు పంపుదామా?"

"పంపితే తప్పెవరిదని అడుగుతారు."

"మనది కాదు కదా సార్."

"కాదని మనమే రాయాల కదప్పా. రాసిందానికి ఇంకో కాగితం వస్తుంది. దానికి మళ్ళా రాయాల." సారు పెన్ను మూత తీసి పెట్టినాడు. "వచ్చినవి వచ్చినట్టు చదివి వినిపించు. రెండు వందల మంది విన్నట్టు రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకో. ఒక మనిషికి ఒకటే. రిజిస్టరు నిండిన రోజు నీ బదిలీ అర్జీని నా చేత్తో పైకి పంపుతా."

ఆ మాటతో నాకు సముద్రం మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టింది. ప్రతి గురువారం వరండాలో సభ పెట్టినాను. పిలిస్తే ఎవరూ రారని తెలుసు కాబట్టి రేటు పెట్టినాను: ఒక పేజీ సముద్రానికి ఒక చెంబు నీళ్ళు. గొర్రెలోళ్ళు, శెనక్కాయ రైతులు, కంకర కొట్టేవాళ్ళు వచ్చి, గోడకు ఆనుకొని, నీళ్ళు తాగుతూ సముద్రం వినేవాళ్ళు. ఎనిమిదో పేజీ దగ్గరికొచ్చేసరికి కుండలు ఖాళీ అయ్యేవి. నీళ్ళు అయిపోతే సముద్రమూ అయిపోయేది, అందరూ లేచి పంచెలు దులుపుకొని పోయేవాళ్ళు. చివరి నాలుగు పేజీల్లో ఏముందో వాళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

"ఎర్రచేప సముద్రపు అడుగున రాతి గుట్టల సందులలో కాపురముండును" అని మొదటి పేజీ చదివినాను. వేపపుల్ల నములుతున్న ఒక పెద్దాయన పక్కకు ఉమ్మి, "రాళ్ళే గావాల్నంటే అంత దూరం యాల? మా సేనికి రమ్మను," అన్నాడు. గాలానికి తాజా ఎర గుచ్చి అడుగుకంటా దించాలి అంటే ఒక శెనక్కాయ రైతు లేచి, "ఎరువు సాళ్ళలో ఎయ్యాల్నా, పైన జల్లాల్నా సారూ?" అని అడిగినాడు. ఎరువు కాదన్నా, ఎర అన్నాను. "ఏదైతే ఏముందిలేప్పా, తినేదానికే గదా," అని కూర్చున్నాడు. దారాన్ని ముప్పై బారలు దించవలెను అన్నప్పుడు మాత్రం ఎత్తిన చెంబులన్నీ కిందికి దిగినాయి. వెనక నుంచి ఒకాయన గొంతు: "మేము ఏడు బారలు తవ్వితే బండ తగిలె. ముప్పై బారలూ నీళ్ళేనా? ఆ బాయి ఎవురిదప్పా?"

నాకు ఆ పుస్తకంలో నిజంగా అర్థమైంది ఒక్క పేజీనే. చేప ఎరను ముట్టగానే తటాలున గుంజరాదు, దారము చూపుడువేలి మీద ఉంచుకొనవలెను, బిగిసినట్టు వేలికి తెలిసిన పిమ్మట ఆపకుండ రెండు మూడు బారలు లాగవలెను, ఆలస్యమైన అది రాతి సందున దూరి దారము తెంచును. ఇది మగ్గం పనే. పోగు తెగబోతుంటే కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. చెంబుకు పురికొస కట్టి, డ్రమ్ములోకి దించి, ఒక్కొక్కరి వేలి మీద దారం పెట్టి చూపించినాను. డ్రమ్ములో చెంబు పట్టడంలో మా ఊరు ఆ వేసవిలో జిల్లాకే మొదటిది.

వింటున్నవాళ్ళలో నవ్వనిది ఒకామె. గొర్రెలక్క అనేవాణ్ణి. ముప్పై ఐదేండ్లుంటాయేమో. ఒక్క గురువారం తప్పలేదు. నీళ్ళ చెంబు పక్కన పెట్టుకొని, తాగకుండా, చదివేది నా నోట్లోంచి ఎట్లా వస్తోందో చూస్తున్నట్టు చూసేది. ఆమె ఇంటాయన రెండేండ్ల కిందట మట్టిపనికి ఒక గుంపుతో కాకినాడ పక్కకు పోయినాడు. పని అయిపోయి గుంపు తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఎవరిదో పడవలో గాలం పనికి కుదిరినాడు. మూడు నాలుగు నెలలకొక కార్డు వచ్చేది, ఆయనకు రాయడం రాదు కాబట్టి పడవ యజమాని కూతురు రాసేది. కార్డులో క్షేమం తప్ప ఇంకేమీ ఉండేది కాదు, చివరిదానిలో మాత్రం ఎండలకు ఇంటికొస్తాడని ఉండింది. పొద్దున లేచినకాడి నుంచి మొగుడు ఏం చేస్తుంటాడో ఆమెకు చెప్పింది నా దారి తప్పిన పుస్తకమే.

"పడవలో కూడు యాడ వండుకుంటారు సారూ?" అనేది. పుస్తకంలో ఉండదు. "మట్టి పొయ్యి పెట్టుకుంటారక్కా." "ఎండకు నెత్తిన ఏమేసుకుంటారు?" "తాటాకు టోపీలు." "ఆయప్పకు టోపీ నిలబడదే. నెత్తి సన్నది." తెలియదు అని చెప్పొచ్చు. కానీ నెలకు పదకొండుసార్లు లేదు, లేదు అని రాసి రాసి నాకు ఆ మాట మీద విసుగు పుట్టింది. అడిగినవాటికల్లా ఏదో ఒకటి ఉందని చెప్పడం హాయిగా ఉండేది.

వేసవి ముదిరినాక ఒక మధ్యాహ్నం కార్డు వచ్చింది. టపా ఆయన అలవాటు ప్రకారం వీధిలోనే నిలబడి పైకి చదివినాడు. "మీ ఆయన క్షేమమే. పోటు ఎక్కువగా ఉన్నందువల్ల ఈ నెల రాలేడు. పోటు తగ్గగానే రైలెక్కిస్తాము. కంగారు పడవద్దు." కంగారు పడవద్దు అన్న మాట కన్నా ఎక్కువ కంగారు పెట్టేది ఇంకోటి లేదు కదా. మా పక్క పోటు అంటే రెండే: గుండెపోటు, కత్తిపోటు. అయిదు నిమిషాల్లో ఊరు రెండు జట్లయింది. గుండె జట్టువాళ్ళు, మనిషి మెతక, గుండే అయ్యుంటాది అన్నారు. కత్తి జట్టువాళ్ళు, మనిషి మెతకే గానీ నోరు మెతక కాదు, ఎవురో పొడిచుంటారు అన్నారు. మూడో జట్టుగా ఒకే ఒక ముసలాయన, పొట్టేలు పొడిచుంటాదని పట్టుబట్టినాడు. "సముద్రంలో పొట్టేలు యాడిది మామా?" అంటే, "నువ్వు పోయి చూసొచ్చినావా?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగు నోట్లో పెట్టుకొని ఏడుపు మొదలుపెట్టినారు. గొర్రెలక్క మాత్రం ఏడవకుండా టపా ఆయన చేతిలో కార్డు లాక్కొని, ఎండలో నేరుగా నా ఆఫీసుకు నడిచింది. వెనక ఊరు ఊరంతా.

కార్డు చూసినాను. ఉద్యోగంలో చేరినాక మొదటిసారి, నాకు తెలిసిన విషయం ఒకరికి పనికొస్తోంది. కుర్చీలోంచి లేచి, పుస్తకం ఆరో పేజీ తెరిచి, వరండా అంచున నిలబడి గొంతు సవరించుకున్నాను. గుండె లేదు, కత్తి లేదు, ముఖ్యంగా పొట్టేలు అస్సలు లేదు. సముద్రం ఉబ్బి ఒడ్డు మీదికి వస్తుంది, దాన్ని కోస్తావాళ్ళు పోటు అంటారు, అంతే అని చెప్పినాను. "పోటు తిరుగు వేళ ఎర్రచేప మిక్కిలిగా పడును" అని చదివి వినిపించినాను కూడా. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులను ఏం చేయాలో తెలియక చెమట తుడుచుకున్నారు. కత్తి జట్టు ముఖాలు చిన్నబోయినాయి. నేను పండగలో ఉన్నాను. అంత పెద్ద నాటకానికి ఒక్క సూదితో గాలి తీసిన రోజు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

గొర్రెలక్క నన్నే చూస్తా ఉంది. "సారూ, రేపు తెల్లారి మా మరిది గొర్రెలను విడపనకల్లు కాలవ కిందికి తోలతాండాడు. అరవై జీవాలు, ఒక్కనితో కాదు. రోగమైతే రోగమని చెప్పు, జీవాలు ఏమన్నా కానీ, నేను రైలెక్కి ఆయప్ప కాడికి పోతా. నీళ్ళ సంగతైతే గొర్రెల ఎంట పోతా. నీళ్ళేనా?"

"నీళ్ళేనక్కా."

"పోటు ఎంతసేపుంటాది?"

ఆరో పేజీలో కిందినుంచి మూడో వరుసలో ఉంది: పోటు సుమారు ఆరు గంటలు ఉండును. అది నాకు నోటికొచ్చు. నోట్లోంచి రాబోతుండగా తట్టింది, ఆరు గంటల నీళ్ళకు నెల రోజులు ఎవరూ ఆగరు. మరి ఆ కార్డులో ఉన్న పోటు ఏమిటి? నాకు తెలియదు. తెలియదు అంటే ఆడవాళ్ళ కొంగులు మళ్ళా నోట్లోకి పోతాయి, జట్లు మళ్ళా మొదలవుతాయి, నా పండగ అయిపోతుంది. ఆమెకు చదవడం రాదు. అయినా కుడి బొటనవేలు ఆ వరుస మీద పెట్టి మూసినాను.

"సముద్రం గదక్కా, పెద్దది. ఉబ్బినాక తగ్గడానికి నెల పడతాది."

ఆమె వేళ్ళ మీద ఏవో వారాలు లెక్కపెట్టుకుంది. "నెల. సరే. ఐతే గొర్రెల ఎంట పోతా," అని ఆ రోజు మొదటిసారి నీళ్ళడిగి తాగింది. ఇంత జనం వరండాలోకి ఎప్పుడూ రాలేదు. నేను రిజిస్టరు తీసినాను. ఇంతకుముందు సభకు రాని నలభై ఒక్క మంది వరసగా వేలిముద్రలు వేసినారు. నాకు కావలసింది నలభై. సాయంత్రం బస్సులోనే రిజిస్టరునూ బదిలీ అర్జీనీ సారుకు పంపినాను. కార్డులో పోటు సంగతి రెండు రోజులు గుచ్చుకుంటూనే ఉండింది. పుస్తకంలో చదవని పేజీలు ఇంకా నాలుగు ఉన్నాయి, చూడొచ్చు. కానీ రిజిస్టరు నిండినాక పుస్తకం ఎవరికి కావాలి? కుర్చీ ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద పెట్టినాను.

నెల పోయి ఇంకో పది రోజులకు గొర్రెలక్క ఇంటాయన వచ్చినాడు. అప్పటికి ఆమె, మరిది, గొర్రెలు కూడా కాలవ కింది నుంచి తిరిగొచ్చినారు. మనిషిని నేను చూడడం అదే మొదలు. సన్న నెత్తి, ఆమె చెప్పినట్టే. టవలు కుడిచేతి మీదికి వేలాడేసుకొని వరండాలో నిలబడినాడు.

"ఏమన్నా, సముద్రం ఎట్లుండాది?"

"ఉండాది సారూ, ఆడే ఉండాది," అని నవ్వినాడు. "రెండేళ్ళు పోయినాయి సారూ."

మేము సంవత్సరాలను ఏండ్లంటాము, చేతి వేళ్ళను ఏళ్ళంటాము. కోస్తాలో సంవత్సరాలను ఏళ్ళంటారు. రెండేండ్లు ఆ పక్క ఉండొచ్చినాడు కదా, ఆ మాట అంటుకుందనుకున్నాను. "పోతే పోయినాయిలేన్నా, ఇంకా శానా ఉన్నాయి," అన్నాను.

"ఔ. ఇంకా ఎనిమిదుండాయి," అని టవలు తీసినాడు. చూపుడువేలు లేదు, దాని పక్కది లేదు.

ఆయనే చెప్పినాడు, ఎవరి సంగతో చెప్తున్నట్టు. ఎర్రచేపను గాలం నుంచి తీస్తుంటే వీపు మీది ముల్లు చూపుడువేల్లో దిగింది. పడవ ఒడ్డుకు రావడానికి మూడు రోజులు. అప్పటికి వేలు నల్లబడింది. మేము సలుపు అనేదాన్ని వాళ్ళు పోటు అంటారు. కార్డులు రాసే ఆ పాప, పోటు ఎట్లుంది, పోటు తగ్గిందా అని రోజూ అడిగేది. పసుపు కట్టినారు, ఆకులు కట్టినారు. "ఆ పాపోళ్ళు మంచోళ్ళే సారూ. పడవ ఎళ్ళాల, ఎళ్ళిపోయిరి. ఆస్పత్రి యాడుండాదో నాకు తెలీకపాయ. మనోళ్ళు ఒక్కరు ఎంట ఉండింటే ముందే పొయ్యేవాణ్ణి. శానా ఆలస్యమాయ అని ఆడ డాక్టరు గూడ తిట్టె." చివరికి ఇంకోవేలికి కూడా ఎక్కినాక ఎవరో తీసుకుపోయినారంట. ఇదంతా చెప్పి, ఎనిమిది వేళ్ళతో టవలు సర్దుకొని, "నెల పట్టె తగ్గేదానికి," అన్నాడు. నేను చెప్పిన నెల సంగతి ఆయనకు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో, ఆయన ముఖంలో నాకు దొరకలేదు.

తర్వాతి గురువారం ఆమె ఒక్కతే వచ్చింది. సభలు ఆగిపోయి చాన్నాళ్ళయింది, అయినా గురువారమే వచ్చింది, ఎప్పుడూ కూర్చునే చోటే గోడకు ఆనుకొని కూర్చుంది. చెంబు నింపి పక్కన పెట్టినాను. తాగలేదు.

"సారూ, ఆ పుస్తకంలో ఈ సంగతి లేదా?"

కుర్చీ కింది నుంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, తొమ్మిదో పేజీ నుంచి మొదలుపెట్టినాను. చేపను ఐసులో పెట్టుట. గాలములు శుభ్రపరచుట. నిదానంగా చదివినాను, పన్నెండో పేజీ రాకుండా పోతుందేమోనన్నట్టు. వచ్చింది. "ఎర్రచేపను గాలము నుండి తీయునపుడు తడిగుడ్డతో పట్టుకొనవలెను. వీపు మీది ముండ్లు గుచ్చుకొనిన మిక్కిలి పోటు పెట్టును. పోటు ఒక దినములో తగ్గని యెడల ఆలస్యము చేయక వైద్యుని వద్దకు పోవలెను."

"ఇంకోసారి సదువు."

చదివినాను.

"ఉండాదే," అనింది. చెంబు ఎత్తి, పెదాలకు తగలకుండా, ఒక్క గుక్కలో తాగి, బోర్లించి పెట్టింది. "మంచి పుస్తకమే సారూ. అంతా రాసినారు."

అంతే, లేచి పోయింది. తిట్టుంటే ఏదో ఒకటి తిరిగి అనుండేవాణ్ణి. ఏడ్చుంటే కూడా ఏదో ఒక నవ్వులాట దొరికేదేమో, అంతకు ముందు ఎప్పుడూ దొరక్కుండా లేదు. బోర్లించిన చెంబు ముందు మాత్రం నాకేమీ దొరకలేదు.

బదిలీ ఆర్డరు వచ్చింది. తనకల్లుకు. అక్కడ చెరువు ఎండి నాలుగేండ్లయిందని, బోర్డు మీది చేపకు కనురెప్పలు లేవని తర్వాత చూసినాను. ఇంకేమీ తేడా లేదు. నేను ఎక్కిన బస్సు ఊరు దాటుతుంటే గొర్రెల మంద అడ్డమొచ్చి ఆగింది. ముందు ఆయన, ఎడమచేత్తో కట్టె పట్టుకొని. వెనక ఆమె. కిటికీలో నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"యాడికి సారూ?"

"తనకల్లుకక్కా."

"ఆడ నీళ్ళుండాయా?"

"లేవు."

"ఎన్నాళ్ళుంటావు ఆడ?"

నోటి దాకా ఏదో జవాబు వచ్చింది, అలవాటు కొద్దీ. మింగినాను. "తెలీదక్కా," అన్నాను. ఆమె తల ఊపింది, ఇన్నాళ్ళకు నా దగ్గర నుంచి ఒక పనికొచ్చే మాట విన్నట్టు. గొర్రెలు పక్కకు జరిగినాయి, బస్సు కదిలింది.

డాక్టరమ్మ ముల్లు ముక్కను తీసి, పత్తి మీద పెట్టి చూపించి, కట్టు కట్టింది. "వెంటనే వచ్చి మంచి పని చేశారు అంకుల్. నాలుగు రోజుల్లో పోటు తగ్గిపోతుంది." వెంటనే రావాలని రాసి ఉన్న పుస్తకం నా దగ్గర ఉందమ్మా అన్నాను. ఆ పిల్ల మళ్ళా నా నుదురు ముట్టుకోబోయింది, లేచి వచ్చేసినాను. ఆటోలో కూర్చొని కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకొని చూసుకున్నాను. వేళ్ళు పదీ ఉన్నాయి. ఏండ్లు మాత్రం నలభైకి పైన పోయినాయి, కానీ నా కుడి బొటనవేలు ఆరో పేజీలో కిందినుంచి మూడో వరుస మీద ఇంకా అట్లే ఉంది.